నీటివైపు తెరిచిన వాకిళ్ళు

ఐరోపా ఖండంలో చూడదగిన సుందర నగరాలు ఏవి? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పడానికి నేడు ఎవరూ తడుముకోరు. పారిస్, రోమ్, వియన్నా, ప్రేగ్, వెనిస్ అంటూ పేర్లు వరుసగా దొర్లిపోతాయి. ఆ వీధులను సినిమా పాటల్లో చూశాం. ఆ గోపురాలను గోడ క్యాలెండర్లలో చూశాం. పైచదువుల కోసమో, ఉద్యోగాల కోసమో, విహారం కోసమో ఐరోపా వెళ్ళే తెలుగువారి సంఖ్య నానాటికీ పెరుగుతున్నది. వారిలో చాలామంది ఎవరో తయారుచేసిన పట్టికను చేతపట్టుకొని వెళతారు. అందులోని ఒక్కొక్క కట్టడం ముందు నిలబడి ఫొటో తీయించుకుంటారు. మరుసటి రైలుకు వేళ కాగానే కదిలిపోతారు. దీనిని యాత్ర అనడం కన్న హాజరు వేయించుకోవడం అనడం సముచితంగా ఉంటుంది.

ఒక నగరం అందమైనదని తేల్చడానికి యాత్రికునికి తనదైన కొలబద్ద ఒకటి ఉండాలి. అది అతడు పుట్టి పెరిగిన నేల ఇచ్చినదైతే మరీ మంచిది. కొల్లేటి సీమలో పుట్టినవారికి ఆ కొలబద్దను వెతుక్కోవలసిన పని లేదు. కలిదిండి పరిసరాలను చూడండి. ఒకవైపు కొల్లేరు, మరొకవైపు ఆ కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు. నడుమ పంటకాలువలు, మురుగుకాలువలు, కనుచూపు మేర చేపల చెరువులు. ఇక్కడి పిల్లలు జారే గట్టు మీద నడవడం నేర్చుకొన్న తరువాతనే తారురోడ్డు మీద నడుస్తారు. నీరు ఎంత పెడుతుందో, కోపం వస్తే ఎంత పట్టుకుపోతుందో ఇక్కడ ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. కనుక ఈ నేల నుంచి వెళ్ళే యాత్రికుడు ఏ నగరంలో దిగినా మొదట అడగవలసిన ప్రశ్న ఇది: ఈ ఊరు తన నీటికి ముఖం చూపుతున్నదా, వీపు చూపుతున్నదా?

ఈ ప్రశ్నతో కొలిస్తే నా లెక్కలో మొదటి నగరం వెనిస్, రెండవది ఆమ్‌స్టర్‌డామ్. మూడవది క్యాలెండర్ల మీద అంతగా కనిపించని యూట్రెక్ట్. రోమ్ నగరాభిమానులు నన్ను మన్నించాలి. అక్కడ టైబర్ నది ఎత్తైన రాతిగోడల నడుమ ఒదిగి పారుతుంది. ఊరికీ నదికీ మధ్య మాటలు తక్కువ.

వెనిస్ ఒక ఉప్పునీటి కయ్య నడుమ, నూటికి పైగా చిన్నచిన్న లంకల మీద నిలిచిన నగరం. ఆ కయ్య విస్తీర్ణం సుమారు 550 చదరపు కిలోమీటర్లు. శత్రువుల దాడులకు భయపడి ప్రధాన భూభాగం నుంచి పారిపోయి వచ్చినవారు ఈ బురదలో కాపురాలు పెట్టారని చరిత్ర చెబుతున్నది. బురద నేల బరువును మోయదు. అందుచేత వారు ఓక్, లార్చ్, ఆల్డర్ వంటి చెట్ల దుంగలను వేల సంఖ్యలో దగ్గరదగ్గరగా బురదలోకి దిగవేశారు. వాటిపై పలకలు పరిచి, పలకలపై రాయి పేర్చి ఇళ్ళు లేపారు. గాలి సోకని బురదలో కొయ్య త్వరగా కుళ్ళదు. శతాబ్దాల కిందట దిగవేసిన దుంగల మీద పాలరాతి సౌధాలు నేటికీ నిలబడి ఉండడానికి కారణం అదే. పంటకాలువపై తాటిదుంగ వేసి అవతలి గట్టుకు నడిచిన మనకు ఈ విద్యలోని సాహసం వెంటనే అర్థమవుతుంది.

అక్కడి సంపన్నుల ఇళ్ళకు రెండు వాకిళ్ళు ఉండేవి. సందులోకి తెరుచుకొనేది చిన్నది, కాలువలోకి తెరుచుకొనేది పెద్దది. అతిథి పడవ దిగి పెద్ద వాకిట్లోకి అడుగుపెట్టేవాడు. సరుకు కూడా అటునుంచే వచ్చేది. అందువల్ల ఇంటి సొగసంతా నీటివైపే కూర్చారు. కమానులు, స్తంభాలు, కిటికీల నగిషీలు అన్నీ నీటికే ఎదురుగా ఉంటాయి. నేటికీ ఆ పాత నగరంలో కార్లు తిరగవు. రోగిని ఆసుపత్రికి చేర్చేది పడవే, నిప్పును ఆర్పడానికి వచ్చేది పడవే, చెత్తను ఎత్తుకుపోయేది కూడా పడవే. పర్యాటకులు గొండోలా పడవ ఎక్కి పాటలు వింటారు. వినవచ్చు. అయితే తెల్లవారుజామున లేచి ఆ చెత్తపడవ వెంట కొంతదూరం నడిచినవారికి వెనిస్ రహస్యం మరింత బాగా తెలుస్తుంది.

ఆ రహస్యం పేరు నిర్వహణ. కయ్యలోకి పారే బ్రెంటా, సిలే, పియావే వంటి నదులు తెచ్చే ఒండ్రు కయ్యను పూడ్చివేస్తుందని వెనిస్ ప్రభుత్వం గ్రహించింది. ఆ నదుల ముఖాలనే కయ్యకు దూరంగా మళ్ళించే పనికి పూనుకొన్నది. ఆ పని ఒక తరంలో ముగిసినది కాదు, శతాబ్దాలు సాగింది. కయ్య వ్యవహారాలు చూడడానికి 1501లోనే ప్రత్యేకంగా జలాధికారుల సంస్థను ఏర్పాటు చేశారు. మన ప్రాంతం వారికి ఇంకా ఆసక్తి కలిగించే విషయం ఒకటి ఉన్నది. ఆ కయ్యలో కూడా చేపల పెంపకం ఉన్నది. సముద్రం నుంచి వచ్చే చేపపిల్లలను కయ్యలోని కొంత భాగానికి కంచె కట్టి పెంచడం అక్కడ ప్రాచీనమైన వృత్తి. శాశ్వతమైన మట్టిగట్లు వేస్తే ఆటుపోట్ల నీరు ఆగిపోతుంది. నీరు ఆగితే కయ్య చస్తుంది. కాబట్టి నీరు పారడానికి వీలుండే రెల్లు దడులే కట్టాలని అక్కడి పాలకులు నిర్బంధించారు. చేపలు వద్దని వారు అనలేదు. గట్టు వద్దన్నారు. కొల్లేటి కథ తెలిసినవారు ఈ రెండు మాటల నడుమ ఉన్న దూరాన్ని కాసేపు ఆలోచించాలి.

వెనిస్ మనకు పూర్తిగా పరాయి ఊరు కూడా కాదు. పదమూడవ శతాబ్దపు చివరి భాగంలో మన తీరాన్ని వర్ణించిన మార్కోపోలో వెనిస్ వర్తకుడే. అతని గ్రంథంలో ముత్‌ఫిలి అనే పేరుతో కనిపించేది మోటుపల్లి రేవు అని చరిత్రకారుల నిర్ణయం. ఆ రాజ్యాన్ని న్యాయంగా పాలిస్తున్న రాణిని గురించీ, సాలెగూడు వలె సన్నని వస్త్రాలను గురించీ అతడు ప్రశంసగా వ్రాశాడు. ఆ రాణి కాకతి రుద్రమదేవి. మనం వారి నగరాలను చూసి అబ్బురపడడానికి ఏడు వందల ఏళ్ళకు ముందే వారు మన నేతను చూసి అబ్బురపడ్డారన్నమాట.

ఆమ్‌స్టర్‌డామ్‌తో బంధం ఇంకా దగ్గరిది. డచ్చి వర్తకులు 1606లో మచిలీపట్నంలో వర్తకస్థానం నెలకొల్పారు. తరువాత పాలకొల్లులోనూ స్థిరపడ్డారు. కృష్ణా, గోదావరి మండలాల్లో నేసి, చిరివేరు ఎరుపుతో అద్దకం వేసిన బట్టలను ఓడలకెత్తి తూర్పు దీవులకు తీసుకుపోయేవారు. అక్కడ ఆ బట్టలకు మారుగా లవంగాలు, జాజికాయ, జాపత్రి పుచ్చుకొని ఐరోపాలో అమ్మేవారు. ఆ వర్తకం సాగుతున్న కాలంలోనే, 1613 నుంచి, ఆమ్‌స్టర్‌డామ్ చుట్టూ అర్ధచంద్రాకారంలో కాలువల వరుసలు తవ్వి, గట్ల మీద వర్తకుల ఇళ్ళు కట్టసాగారు. ఆ ఇళ్ళు సన్నగా, ఎత్తుగా ఉంటాయి. ప్రతి ఇంటి నెత్తిన ఒక దూలం ముందుకు పొడుచుకొని ఉంటుంది. పడవలో వచ్చిన సరుకును తాడుతో దూలానికి తగిలించి నేరుగా అటకకు ఎక్కించడానికి చేసిన ఏర్పాటు అది. ఆ అటకలకెక్కిన మూటల్లో మన సాలీల శ్రమ కూడా కొంత ఉన్నది. ఆ సౌందర్యానికి మరొక మూల్యం కూడా ఉన్నదని మరువరాదు. జాజికాయ గుత్తాధిపత్యం కోసం 1621లో బాండా దీవుల ప్రజలను అదే డచ్చి సంస్థ ఊచకోత కోసింది. కాలువ గట్టున నిలిచి ఇళ్ళ అందాన్ని మెచ్చుకొనేవారు ఈ సంగతి కూడా తెలిసి మెచ్చుకొనడం మంచిది.

ఆ నగరంలోనూ ఇళ్ళు దుంగల మీదనే నిలిచాయి. డామ్ కూడలిలోని రాజసౌధం కింద 13,659 దుంగలు ఉన్నాయని అక్కడి బడిపిల్లలు కూడా లెక్క అప్పజెబుతారట. కాలువల నీరు నిలిచి మురగకుండా లాకులు తెరచి, మూసి, క్రమం తప్పకుండా నీటిని మారుస్తారు. లాకు అనే మాట మనకు కొత్త కాదు. కాటన్ దొర హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. ఆ రెండు నదుల కాలువలు ఏలూరులో కలుసుకొన్నాయి. గోదావరి వైపు కాలువ తాడేపల్లిగూడెం మీదుగా వస్తుంది, కృష్ణ వైపు కాలువ విజయవాడ నుంచి వస్తుంది. అవి పొలాలకు నీరివ్వడంతో పాటు ఊళ్ళను కలిపే రహదారులుగా కూడా పనిచేశాయి. రాదారి పడవలు లాకులు దాటుకుంటూ, గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుండగా, పెళ్ళివారినీ, ధాన్యపు బస్తాలనూ మోసేవి. ఆనాడు ప్రతి ఊరికీ రేవు ఉండేది. రేవుకు మెట్లు, మెట్ల పక్కన రావిచెట్టు, చెట్టు నీడన ఊరి సంగతులు. ఊరు నీటికి ముఖం చూపిన కాలం మనకూ ఉన్నది.

తరువాత బస్సు వచ్చింది. పడవ పోయింది. వాకిళ్ళు రోడ్డువైపు తిరిగాయి. కాలువవైపు మిగిలింది పెరడు మాత్రమే. పెరట్లోకి ఏమి విసరుతామో కాలువలోకీ అదే విసరడం మొదలుపెట్టాం. నేడు కాలువ గట్టున ఉన్న మన పట్టణాల్లో దేనినైనా చూడండి. గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు, మురుగుగొట్టాల నోళ్ళు. అదే నీరు దిగువ ఊరి చెరువుకు చేరి తాగునీరవుతుంది. వీపు తిప్పినంత మాత్రాన నీరు మనలను మరచిపోదు. కొల్లేటికి చేరవలసిన బుడమేరు 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ కాలనీలను ముంచెత్తి, లక్షలాది ప్రజలను ఇళ్ళలో బందీలను చేసింది.

ఐరోపావారు స్వభావం చేతనే పరిశుభ్రులనీ, మనవారికి అది అబ్బదనీ అనేవారున్నారు. ఈ మాట నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువలు ఒకప్పుడు దుర్గంధానికి ప్రసిద్ధి. పంతొమ్మిదవ శతాబ్దంలో వాటిలో అనేకం పూడ్చి వీధులు వేశారు. పారిస్ నగరంలో సేన్ నదిలో ఈతను 1923లో నిషేధించారు. మురుగును అరికట్టడానికి ఏళ్ళ తరబడి ధనం ఖర్చుచేసిన మీదట, 2025 వేసవిలో కాని ప్రజలకు ఈతరేవులు తెరవలేకపోయారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ఓడరేవు నీరు ఎంతోకాలం మురుగుగుంటగా ఉండేది. అక్కడ 2002లో ఈతరేవు తెరిచారు. ఇవన్నీ పన్నులతో, చట్టాలతో, పట్టుదలతో సాధించుకొన్నవి. పుట్టుకతో వచ్చినవి కావు.

పోలెండు రాజధాని వార్సా సంగతి ఇందుకు మరొక నిదర్శనం. అక్కడ నీటి ప్రసక్తి లేదు కాని చెప్పకుండా ఉండలేను. రెండవ ప్రపంచయుద్ధంలో, 1944లో, జర్మన్ సేనలు ఆ పాత నగరాన్ని దాదాపు నేలమట్టం చేశాయి. యుద్ధం ముగిశాక అక్కడి ప్రజలు పద్ధెనిమిదవ శతాబ్దంలో బెల్లొట్టో అనే చిత్రకారుడు గీసిన నగర చిత్రాలను కూడా ఆధారం చేసుకొని వీధివీధినీ తిరిగి కట్టుకొన్నారు. యునెస్కో 1980లో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. బెల్లొట్టో కూడా వెనిస్ నగరంలో పుట్టినవాడే కావడం ఒక చిత్రం. ప్రేగ్ నగరంలో 1357లో మొదలుపెట్టిన చార్లెస్ వంతెన మీద కూడా నడవండి. ఆ నగరాన్ని 2002లో వరద ముంచెత్తింది. ఆ వంతెన ఇంకా నిలిచి ఉన్నది.

ఇంతగా మెచ్చిన వెనిస్‌లో మెచ్చలేనిది కూడా ఉన్నది. దానిని దాచిపెట్టడం యాత్రికునికి తగదు. ఆ పాత నగరంలో 1951లో సుమారు 1,75,000 మంది నివసించేవారు. 2022 నాటికి ఆ సంఖ్య 50,000 కన్న తగ్గిపోయింది. ఇళ్ళు పర్యాటకుల విడిదులయ్యాయి, కూరగాయల దుకాణాలు ముసుగుల దుకాణాలయ్యాయి. అద్దెలు మోయలేక పుట్టినవారు వెళ్ళిపోయారు. మేడల కన్న ఎత్తైన విహారనౌకలు నగరం నడిబొడ్డుకు రావడాన్ని 2021లో నిషేధించారు. రద్దీ రోజుల్లో ఒక్కరోజు చూసిపోయేవారి నుంచి 2024లో అయిదు యూరోల ప్రవేశ రుసుము వసూలు చేయడం మొదలుపెట్టారు. సముద్రం పొంగినప్పుడు కయ్య ముఖద్వారాలను మూసే 78 ఇనుప తలుపుల వ్యవస్థ 2020 అక్టోబరులో తొలిసారి పనిచేసింది. తలుపులు నీటిని ఆపగలిగాయి. ఊరు విడిచిపోయేవారిని ఆపే తలుపును ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఈ కారణం చేతనే, నీరున్న ప్రతి ఊరికీ మరొక వెనిస్ అని బిరుదు తగిలించే అలవాటు నాకు రుచించదు. కొల్లేరుకు ఆ బిరుదు అవసరం లేదు. ఆటపాకలో గూడబాతులు కొమ్మల నిండా గూళ్ళు కట్టే దృశ్యం ఉన్నది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర ఉన్నది. కలిదిండికి తామ్రశాసనమే ఉన్నది. తన పక్షాన పోరాడి కలిదిండి యుద్ధంలో మరణించిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికై రాజరాజనరేంద్రుడు ఇక్కడ మూడు శివాలయాలు కట్టించాడని అది చెబుతుంది. నన్నయభట్టు చేత మహాభారతాన్ని తెనిగింపజేసిన ప్రభువు ఆయనే. ఐరోపాలో ఇంత కథ ఉన్న చిన్న ఊరికి రైలు దిగగానే దారి చూపే పలక కనిపిస్తుంది.

అయితే కొల్లేరు పక్షుల బొమ్మ మాత్రమే కాదు. అక్కడ మనుషులున్నారు. 1970వ దశకంలో ప్రభుత్వమే మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చి ప్రోత్సహించింది. ఆ తరువాత సరస్సులోకి గట్లు పెరిగాయి. పెట్టుబడి ఉన్నవారు వందల ఎకరాలు చుట్టుకొన్నారు. 1999లో సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు రేఖ వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద కొల్లేరు అంతర్జాతీయ ప్రాధాన్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2006లో యంత్రాలు తెచ్చి గట్లను పగులగొట్టారు. గట్లు పోవడం వల్ల నీరు పారింది. చిన్న మత్స్యకారుని పొయ్యి మాత్రం చల్లారింది. సరస్సును కాపాడాలనేవారూ, బతుకును కాపాడాలనేవారూ నాటి నుంచి ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఈ తగవులో నేను గట్ల పక్షం కాను, మత్స్యకారుని ఖాళీ చేయించే పక్షమూ కాను. మనుషులను పంపివేసి పక్షులను మిగుల్చుకొన్న కొల్లేరు, పుట్టినవారు లేని వెనిస్ వలె ఉంటుంది. గట్లతో నిండిన కొల్లేరు అసలు కొల్లేరే కాదు. చేపకు చోటిచ్చి గట్టుకు చోటివ్వని రెల్లు దడి వంటి నియమం మనకు కావాలి. దానిని వ్రాసేటప్పుడు లంక గ్రామాలవారు ఎదుట కూర్చొని ఉండాలి. పూర్వం కొల్లేటి జాలరులు వాడిన వలలూ, మావులూ సరస్సుకు అడ్డుకట్ట కాలేదన్న సంగతి వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఇక యూట్రెక్ట్ సంగతి. నెదర్లాండ్స్ దేశంలోని ఈ పాత నగరం చుట్టూ మధ్యయుగాల నాటి కందకం ఉండేది. కార్ల ఉధృతి పెరిగిన 1970వ దశకంలో ఆ కందకంలో కొంత భాగాన్ని ఎండగట్టి, దాని గర్భంలోనే మోటారు రహదారి వేశారు. ఆనాటి లెక్కలో అది ప్రగతి. నీరు పోయిన తరువాత ఊరివారికి ఏదో వెలితిగా తోచింది. 2002లో జరిగిన ఓటింగులో ప్రజలు నీటిని తిరిగి తెచ్చే ప్రణాళికను ఎన్నుకొన్నారు. రహదారిని తొలగించి, కందకాన్ని మళ్ళీ తవ్వి, 2020 సెప్టెంబరులో ఆఖరి భాగాన్ని నీటితో నింపారు. ఓటు వేసిన నాటి నుంచి పడవ తిరిగిన నాటి వరకు పద్ధెనిమిది సంవత్సరాలు పట్టింది.

ఐరోపా వెళ్ళే మన విద్యార్థులు ఈ ఊరికి ఒక పూట కేటాయించాలి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైలులో అరగంట ప్రయాణం. స్టేషను దిగితే ఆ కందకం ఎదురుగానే ఉంటుంది. రహదారి ఉన్న నాటి పాత ఫొటోను వెంట తీసుకొని వెళ్ళి, అదే చోట నిలిచి పోల్చి చూడాలి. ఊరి మధ్యలోని పాత కాలువకు కూడా వెళ్ళాలి. అక్కడ వీధి ఒక ఎత్తులో, నీటి అంచున రేవు మరొక ఎత్తులో ఉంటాయి. రేవు వెంట గట్టులోకి తొలిచిన సరుకు కొట్లు వరుసగా కనిపిస్తాయి. ఏలూరు కాలువ గట్టున పెరిగినవారికి ఆ మెట్లు దిగుతుండగా తోవ అడగవలసిన పని ఉండదు. ఏలూరు కాలువను ఇంకా ఎవరూ రహదారిగా మార్చలేదు. దానిలో నీరు పారుతూనే ఉన్నది.